నీటిని పీల్చే పీచు, నీటికి నిలిచే పీచు

న్యూఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్‌లో, యలవర్తి నాయుడమ్మ స్మృతికి అంకితమైన సభ ఇది. తోలు శాస్త్రజ్ఞుడి పేరిట జరిగే ఉపన్యాసానికి కలప పీచు విషయం కావడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ నాయుడమ్మ జీవితమంతా శోధించింది ఒక పీచునే. చర్మంలోని కొలాజెన్ పీచు నీటిలో నానితే ఉబ్బి, మెత్తబడి, చివరికి కుళ్లిపోతుంది. దాని పోగుల మధ్య రసాయన బంధాలు పడితే అదే చర్మం తోలవుతుంది, ఏళ్ల తరబడి తడికి ఓర్చుకుంటుంది. చెట్టులోని సెల్యులోజ్ పీచుదీ ఇదే సమస్య. కొలాజెన్ ప్రొటీన్, సెల్యులోజ్ చక్కెరల గొలుసు. పదార్థాలు వేరైనా, నీటికీ పీచుకూ మధ్య సంబంధాన్ని రసాయనంతో దిద్దుకోవాలన్న ప్రయత్నం ఒక్కటే.

1922లో తెనాలి సమీపంలోని యలవర్రులో పుట్టిన నాయుడమ్మ 1958 నుంచి 1971 వరకు మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు డైరెక్టరు. తర్వాత 1977 దాకా ఈ నగరంలోనే రఫీ మార్గ్‌లో ఉన్న శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్. 1985 జూన్ 23న కనిష్క విమాన పేలుడులో ఆయన మరణించారు. స్థానికంగా దొరికే వనరుకు శాస్త్రాన్ని జోడించి, విలువ పెంచి, ఆ విలువ దాన్ని పండించినవారికి అందేలా చూడటం ఆయన పట్టుదల. 1970లలో కరీంనగర్ జిల్లాలో పరిశోధనా మండలి చేపట్టిన జిల్లా అభివృద్ధి ప్రయోగం వెనుక ఉన్న ఆలోచన అదే. కలప పీచు కథను తెలుగు నేల మీద నిలబెట్టి చూసినప్పుడు ఆ ఆలోచన ఇంకా నెరవేరలేదని తెలుస్తుంది.

మొదట పీచు స్వరూపం. జామాయిల్ కలపను ఉడికించి విడదీస్తే వచ్చే పీచు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ. అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ పీచు మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వెదురు ఈ రెంటికీ మధ్యస్థం. ఒక్కో పీచు ఒక బోలు గొట్టం. దాని గోడలో సన్నని పోగులు పొరలు పొరలుగా, ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి. కలప బరువులో నలభై శాతం పైచిలుకు సెల్యులోజ్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హెమీసెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ అణువులు వేలకొద్దీ వరుసగా కలిసిన గొలుసు. ఆ గొలుసులో ప్రతి గ్లూకోజ్ మీదా మూడు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. కలప పీచు గుణగణాల్లో సగానికి పైగా ఈ మూడింటి పుణ్యమే.

హైడ్రాక్సిల్ నీటిని పిలుస్తుంది. పక్క గొలుసులోని హైడ్రాక్సిల్‌నూ పిలుస్తుంది. తడి గుజ్జును జల్లెడ మీద పరిచి ఆరబెడితే నీరు పోతూ పోతూ పీచులను ఒకదాని దగ్గరికి ఒకటి లాగుతుంది. అవి తాకినచోట హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. జిగురు లేకపోయినా కాగితం కాగితంగా నిలవడానికి ఇవే ఆధారం. నీరు తిరిగి వచ్చినప్పుడు ఆ బంధాల్లోకి తానే దూరుతుంది. పొడి దినపత్రికను చించి అంచును భూతద్దంలో చూస్తే తెగిన పీచులు, కుచ్చులా చీలిన కొసలు కనిపిస్తాయి. అదే కాగితాన్ని నీటిలో ముంచి చించితే పీచులు దాదాపు తెగవు. పొడవుకు పొడవూ జారి బయటికొస్తాయి. పీచు బలం పోలేదు, పీచుకూ పీచుకూ ఉన్న పట్టు పోయింది. రసాయనం తాకని మామూలు కాగితం తడిస్తే పొడి బలంలో పదో వంతు కూడా మిగలదు.

శోషణ, బలం అనే రెండు గుణాలు ఒకే హైడ్రాక్సిల్ నుంచి పుట్టి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. నీటిని ఎక్కువ పీల్చే పీచు తడిలో త్వరగా విడిపోతుంది. తడిలో విడిపోకుండా బిగించిన పీచు నీటిని సరిగా తీసుకోదు. గత రెండు శతాబ్దాల సెల్యులోజ్ రసాయన శాస్త్రాన్ని ఈ ముడిని విప్పే ప్రయత్నంగా చదవవచ్చు. ఆ ముడి ఇప్పుడు చాలావరకు విడిందన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదన. విడదీసిన విద్య మాత్రం చెట్లు పెరిగే తెలుగు జిల్లాలకు ఇంకా సరిగా చేరలేదు.

రసాయన శాస్త్రం అనే పేరు లేని రోజుల్లోనూ ఈ పని జరిగింది. భారతదేశంలోని కాగజీలు చేతితో తీసిన కాగితానికి బియ్యపు గంజో గోధుమ గంజో పట్టించి, ఆరాక నున్నటి రాతితో రుద్ది మెరుగు పెట్టేవారు. సిరా పాకకుండా ఉండేందుకు ఆ గంజి. ఐరోపాలో జంతువుల చర్మం, ఎముకల జిగురు వాడారు. 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ రోజిన్, పటిక కలిపి గుజ్జులోనే జిగురు వేసే పద్ధతిని ప్రకటించాడు. యంత్రాల మీద కాగితం చేయడానికి అది అనుకూలించింది, ఒకటిన్నర శతాబ్దం పాటు ప్రపంచాన్ని ఏలింది. చాలావరకు పటికలోని ఆమ్లం వల్లే పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాలు పసుపెక్కి పెళుసుబారాయి. నీటికి నిలవాలని వేసిన మందు కాలానికి నిలవకుండా చేసింది. ఏ రసాయన మార్పుకైనా దీర్ఘకాలపు ఖర్చు ఉండవచ్చునన్న పాఠం ఆనాడే అందింది.

1838లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల కణగోడల నుంచి సెల్యులోజ్‌ను వేరుచేశాడు. 1844లో లాంకషైర్ నేతబట్టల రసాయనజ్ఞుడు జాన్ మెర్సర్ గాఢ కాస్టిక్ సోడాను నూలుగుడ్డలో వడబోస్తుండగా గుడ్డ ఉబ్బి, కుదించుకుని, మునుపటికన్నా గట్టిపడటం గమనించాడు. రంగును కూడా ఎక్కువ పీల్చుకుంది. 1850లో ఆయన పేటెంటు తీసుకున్న ఈ పద్ధతి శోషణనూ బలాన్నీ ఒకేసారి పెంచిన రసాయన మార్పు. క్షారం సెల్యులోజ్ స్ఫటికాల్లోకి చొరబడి గొలుసుల అమరికనే మార్చివేస్తుంది. కడిగేసినా పాత అమరిక తిరిగి రాదు. అదే దశాబ్దంలో కాగితాన్ని కొన్ని క్షణాలు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి కడిగితే పైపొర కరిగి తిరిగి అతుక్కుని చర్మపత్రంలా తడికి ఓర్చుకుంటుందని తేలింది. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవన్, బీడిల్ కలప సెల్యులోజ్‌ను పూర్తిగా కరిగించి తిరిగి దారంగా తీసే విస్కోస్ పద్ధతి కనిపెట్టారు. సెల్యులోజ్ అంటే అసలేమిటో తెలియకుండానే ఇంత జరిగింది. సెల్యులోజ్ వంటివి వేల యూనిట్లు బలమైన బంధాలతో కలిసిన బృహదణువులని హెర్మన్ స్టౌడింగర్ వాదించింది 1920లలో. ఆ వాదన నిలిచాక గానీ పీచును అణువుల స్థాయిలో ఉద్దేశపూర్వకంగా మార్చడం సాధ్యపడలేదు.

శోషణను అర్థం చేసుకోవడానికి పీచు నీటిని ఎక్కడ దాచుకుంటుందో చూడాలి. దాచుకునే చోట్లు రెండు. ఒకటి పీచు గోడ లోపల. అక్కడ పట్టేది పీచు బరువుకు దాదాపు సమానం నుంచి రెట్టింపు దాకా. రెండోది పీచుకూ పీచుకూ మధ్య ఉన్న ఖాళీ. అక్కడ కేశనాళికీయత వల్ల నిలిచే నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. శిశువుల డైపర్‌లో, శానిటరీ ప్యాడ్‌లో మెత్తగా దూదిలా పరిచిన ఫ్లఫ్ పల్పు పనిచేసేది ప్రధానంగా ఈ రెండో చోటుతోనే. చిక్కేమిటంటే తడిసిన పీచు మెత్తబడి కూలిపోతుంది. ఖాళీలు మూసుకుపోతాయి. పైన బరువు పడితే పట్టిన నీరు బయటికి వస్తుంది.

దీనికి దొరికిన పరిష్కారం పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. పీచు గోడ నీటిని తక్కువ తీసుకునేలా చేస్తే ప్యాడ్ మొత్తం ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. పీచును సిట్రిక్ ఆమ్లం వంటి బహుకార్బాక్సిలిక్ ఆమ్ల ద్రావణంలో తడిపి, విడివిడిగా ఆరబెట్టి, నూట అరవై, నూట ఎనభై డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాల్చినట్టు వేడిచేస్తారు. సోడియం హైపోఫాస్ఫైట్ ఉత్ప్రేరకంగా తోడవుతుంది. ఆమ్లంలోని ఒక చేయి ఒక గొలుసు హైడ్రాక్సిల్‌ను, మరో చేయి పక్క గొలుసు హైడ్రాక్సిల్‌ను పట్టుకుని ఎస్టర్ బంధాలు ఏర్పడతాయి. ఈ అడ్డుబంధాలు పీచును మెలితిరిగిన స్థితిలోనే బిగిస్తాయి. నిమ్మకాయలోని ఆమ్లం బిగించిన ఆ పీచు చుట్టలు తడిసినా కూలవు, నొక్కి వదిలితే తిరిగి లేస్తాయి. పీచుల మధ్య ఖాళీ నిలుస్తుంది, నీరు నిలుస్తుంది. మొదట్లో ఈ పనికి ఫార్మాల్డిహైడ్, గ్లూటరాల్డిహైడ్ వంటివి వాడారు. మనిషి చర్మానికి ఆనుకుని ఉండే వస్తువులో అవి మిగలడం మంచిది కాదు గనుక పరిశ్రమ క్రమంగా సిట్రిక్ ఆమ్లం వైపు మళ్లింది. నూలుబట్ట ముడతపడకుండా చూసే పరిశోధనలో వచ్చిన విద్య ఇది. 1980లలో అమెరికా వ్యవసాయ శాఖ న్యూ ఆర్లియన్స్ ప్రయోగశాలలో దానికి గట్టి పునాది పడింది.

పీచు గోడనే ఎక్కువ దాహంగా మార్చే మార్గం మరొకటి. కాస్టిక్ సోడా సమక్షంలో మోనోక్లోరోఅసిటిక్ ఆమ్లంతో చర్య జరిపితే హైడ్రాక్సిల్ మీద కార్బాక్సిమిథైల్ సమూహం వచ్చి చేరుతుంది. దాని మీద రుణావేశం ఉంటుంది. ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, వాటికి తోడుగా చేరిన సోడియం అయాన్ల వల్ల ద్రవాభిసరణ పీడనం పెరిగి నీరు లోపలికి వస్తుంది. ఎంత మార్చాలన్నదే ఇక్కడ నేర్పు. పది, ఇరవై గ్లూకోజ్‌లకు ఒకచోట మారిస్తే పీచు పీచుగానే ఉండి బాగా ఉబ్బుతుంది. గ్లూకోజ్‌కు సగటున అర సమూహం చొప్పున చేరిందంటే పీచు రూపమే పోయి నీటిలో కరిగే జిగట పదార్థమవుతుంది. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో, మాత్రల్లో, బోరుబావుల బురదలో వాడే కార్బాక్సిమిథైల్ సెల్యులోజ్ ఇలా పుట్టినదే. ఆవేశాల మీద ఆధారపడే శోషణకు ఒక బలహీనత ఉంది: ఉప్పుకు లొంగిపోతుంది. శుద్ధమైన నీటిని తన బరువుకు వందల రెట్లు తాగే పాలీఅక్రిలేట్ గుళికలు కూడా ఉప్పునీటిలో ముప్పై, యాభై రెట్లతో ఆగిపోతాయి. అక్రిలిక్ ఆమ్లపు గొలుసులను నేరుగా సెల్యులోజ్ మీద అంటుకట్టే ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. ప్రయోగశాలలో అవి బాగానే పనిచేశాయి. మార్కెట్టులో గెలిచింది మాత్రం ఫ్లఫ్ పల్పునూ పాలీఅక్రిలేట్ గుళికలనూ విడిగా తయారుచేసి కలిపే పద్ధతే.

బలం వైపు వస్తే, తడి బలానికి రెజిన్లు 1930ల నుంచి వాడుకలోకి వచ్చాయి. తొలి తరంలో యూరియా ఫార్మాల్డిహైడ్, మెలమైన్ ఫార్మాల్డిహైడ్. అవి పనిచేయాలంటే గుజ్జు ఆమ్లంగా ఉండాలి. 1950ల చివరి నుంచి అమెరికాలోని హెర్క్యులిస్ కంపెనీ తెచ్చిన పాలీఅమైడ్ ఎపిక్లోరోహైడ్రిన్ రెజిన్ తటస్థ గుజ్జులోనూ పనిచేసింది. దాని మీద ఉన్న ధనావేశం పీచు మీది రుణావేశాలకు అతుక్కుంటుంది. వేడి తగిలినప్పుడు అందులోని నాలుగు భుజాల వలయం విచ్చుకుని పీచులోని కార్బాక్సిల్‌తో గట్టి బంధం వేస్తుంది. గుజ్జు బరువులో ఒక శాతం రెజిన్‌తో కాగితం తడిసినప్పుడు కూడా పొడి బలంలో ఐదో వంతు, ఆ పైన నిలుపుకుంటుంది. వంటింటి పేపర్ టవల్, టీ బ్యాగు, ద్రవాల డబ్బాల అట్ట దీనివల్లే సాధ్యమయ్యాయి. మూల్యం కూడా ఉంది. అలాంటి కాగితాన్ని తిరిగి గుజ్జు చేయడం కష్టం. రెజిన్ తయారీలో క్లోరిన్ ఉన్న ఉపఉత్పత్తులు మిగులుతాయి. ఆహారాన్ని తాకే కాగితంలో వాటి మీద కట్టడి ఉండి తీరాలి.

శోషణ కోసం పీచు మీద నాటిన కార్బాక్సిల్ సమూహమే తడి బలాన్నిచ్చే రెజిన్‌కూ పట్టుకొమ్మ అవుతుంది. ఈ శాస్త్రంలో అతి ముఖ్యమైన మలుపు ఇదే. ఉబ్బడానికి కారణమైనచోటే బంధమూ పడుతుంది. పీచు నీటిని తీసుకుంటుంది, పక్క పీచును వదలదు. 2006లో టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసోగై, త్సుగుయుకి సైతో టెంపో అనే ఉత్ప్రేరకంతో సెల్యులోజ్ పోగుల ఉపరితలం మీది ఒకే రకం హైడ్రాక్సిల్‌ను ఎంచి కార్బాక్సిల్‌గా మార్చి, కలప పీచును మూడు నాలుగు నానోమీటర్ల వెడల్పు పోగులుగా విడదీయవచ్చని చూపారు. స్వీడన్‌లోని మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి 2015లో వారికీ వారి సహపరిశోధకుడు యోషిహారు నిషియామాకూ దక్కింది. మెర్సర్ గుడ్డలో గుడ్డిగా జరిగిన మార్పు ఈనాడు అణువును ఎంచుకుని చేసే పని అయింది.

ఇక తెలుగు నేల. అశోకా రోడ్డులో ఈ భవనానికి పొరుగునే ఉన్న హైదరాబాద్ హౌస్ ఏడో నిజాం కట్టించుకున్నది. ఆయన ఏలుబడిలోనే 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపన జరిగింది. ఆదిలాబాద్ అడవుల వెదురు దానికి ముడిసరుకు, కాగజ్‌నగర్ దాని చుట్టూ పెరిగిన ఊరు. వెదురుతో కాగితం చేయడాన్ని అప్పటికే డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో విలియం రైట్ నిరూపించాడు. 1925లో కేంద్ర శాసనసభ వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణ చట్టం కూడా చేసింది. గోదావరి వెంబడి రాజమహేంద్రవరం, సారపాక మిల్లులు తర్వాత ఎదిగాయి. అడవి వెదురు తరిగిపోయాక ఈ మిల్లులు రైతు పొలం వైపు తిరిగాయి. భద్రాచలం ప్రాంతంలో 1980ల చివర మొదలైన జామాయిల్ క్లోన్ల పెంపకం, ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల సుబాబుల్, కోస్తా ఇసుకనేలల సరుగుడు ఇవాళ్టి గుజ్జుకు ఆధారం. అడవి మీద ఒత్తిడి తగ్గించిన ఈ మార్పు దేశానికే ఆదర్శం. సారపాకలో 2002లో ఎలిమెంటల్ క్లోరిన్ లేని బ్లీచింగ్ మొదలుకావడం గోదావరికి జరిగిన మేలు.

పీచును రసాయనికంగా మార్చే దిశలో తెలుగు ప్రాంతం వేసిన పెద్ద అడుగు ములుగు జిల్లా మంగపేట మండలంలోని కమలాపురం మిల్లు. ఆంధ్రప్రదేశ్ రేయాన్స్ పేరిట మొదలై, తర్వాత బల్లార్పూర్ ఇండస్ట్రీస్‌లో భాగమైన ఆ మిల్లు కాగితపు గుజ్జు కాక, విస్కోస్ దారానికి పనికొచ్చే రేయాన్ గుజ్జు తీసింది. రేయాన్ గుజ్జుకు చెక్క ముక్కలను ముందు ఆవిరితో ఉడికించి హెమీసెల్యులోజ్‌ను తొలగించాలి, ఆ తర్వాతే క్షారంతో లిగ్నిన్‌ను. తొంభై శాతం పైగా శుద్ధమైన ఆల్ఫా సెల్యులోజ్ మిగలాలి. పీచు మీద ఏ రసాయన మార్పు చేయాలన్నా కావలసిన శుద్ధి, నైపుణ్యం అదే. ఆ నైపుణ్యం తెలిసిన కార్మికులు, రసాయనజ్ఞులు ఏటూరునాగారం అడవి అంచున తయారయ్యారు. 2014లో ఉత్పత్తి ఆగింది. అదే ఏడాది సిర్పూర్ మిల్లూ మూతపడింది. 2018లో కొత్త యాజమాన్యం కింద సిర్పూర్ తిరిగి తెరుచుకుంది. కమలాపురం ఆ అదృష్టానికి నోచుకోలేదు. ఒక మిల్లు మూతపడితే యంత్రాలు తుప్పుపడతాయి, చేతుల్లోని విద్య చెదిరిపోతుంది. యంత్రాలను మళ్లీ కొనవచ్చు.

పీచును మార్చే విద్య ఇక్కడ నిలవకపోవడం ఆడపిల్లల ఆరోగ్యాన్నీ తాకుతుంది. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం తక్కువ ధర ప్యాడ్ చేయాలని తొలుత దూదితో ప్రయత్నించి విఫలమయ్యారు. కంపెనీల ప్యాడ్లలో ఉన్నది దూది కాదనీ, పైన్ కలప సెల్యులోజ్ అనీ తెలిశాకే ఆయన యంత్రం రూపుదిద్దుకుంది. ఆ యంత్రాలు దేశమంతటా మహిళా సంఘాల చేతికి వెళ్లాయి. ఫ్లఫ్ పల్పు మాత్రం భారతదేశానికి ప్రధానంగా అమెరికా నుంచి దిగుమతి అవుతూనే ఉంది. కారణం పీచు పొడవు. మిల్లీమీటరు పొడవు జామాయిల్ పీచు మూడు మిల్లీమీటర్ల పైన్ పీచులా అల్లుకుని నిలవదు. అయితే పొడవులో లేని నిలకడను అడ్డుబంధాలతో, కార్బాక్సిల్‌తో కొంతైనా సమకూర్చవచ్చని ఇంతవరకు చెప్పిన రసాయనం సూచిస్తుంది. పైన్ అడవి ఉన్న దేశానికి ఈ రసాయనం అదనపు మెరుగు, పొట్టి పీచు పండించే దేశానికి ప్రాణావసరం. పైగా తెలుగు రాష్ట్రాల్లో పత్తి విస్తారంగా పండుతుంది. గింజను అంటి ఉండే పొట్టి నూగు దాదాపు శుద్ధ సెల్యులోజ్. జామాయిల్ గుజ్జు, వెదురు గుజ్జు, పత్తి నూగు మూడూ ఇక్కడ ఒకే ప్రాంతంలో దొరుకుతాయి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని 2022 జూలై 1 నుంచి నిషేధించిన కేంద్ర ప్రభుత్వ నిర్ణయం ఈ అవసరాన్ని మరింత పెంచింది. ప్లాస్టిక్ స్ట్రా స్థానంలో కాగితపు స్ట్రా రావాలంటే అది కొబ్బరిబొండంలో పావుగంటైనా మెత్తబడకుండా నిలవాలి. లోపల ప్లాస్టిక్ పూత పూసి కాగితమని పేరు పెట్టడం పరిష్కారం కాదు. పీచు గుణాన్నే మార్చాలి. మార్చిన పీచు మట్టిలో కలిసిపోవాలి, తిరిగి గుజ్జయ్యే వీలుండాలి, మిగిలిన రసాయనం నదిలో కలవకూడదు. పటికతో జరిగిన పొరపాటు మళ్లీ జరగకూడదు. సిట్రిక్ ఆమ్లపు ఎస్టర్ బంధాలు క్షారంలో విడిపోతాయి గనుక అవి ఈ పరీక్షకు తట్టుకునే అవకాశం ఎక్కువ.

కావలసిన సంస్థలు ఉన్నాయి. సహారన్‌పూర్‌లో కేంద్ర గుజ్జు, కాగితపు పరిశోధనా సంస్థ ఉంది. 1944 నాటి పునాదుల మీద నిలిచిన రసాయన సాంకేతిక సంస్థ హైదరాబాదులో ఉంది. మిల్లులు గోదావరి తీరాన ఉన్నాయి. సుబాబుల్, సరుగుడు రైతు టన్ను కలపకు వచ్చే ధర కోసం ఏటా మిల్లు గేటు వైపు చూస్తున్నాడు. రాత కాగితం ఒక్కటే కొనుగోలుదారుగా ఉన్నంతకాలం ఆ ధర పెరగడం కష్టం. పొట్టి పీచు నుంచి శోషక గుజ్జు తీసే ఒక ప్రయోగాత్మక కర్మాగారాన్ని ఈ సంస్థలూ రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కలిసి గోదావరి జిల్లాల్లో నెలకొల్పాలి. రేయాన్ గుజ్జు తీసిన కార్మికుల్లో ఇంకా పనిచేయగలవారిని అందులోకి పిలవాలి. ఈ సభలో ఉన్న శాస్త్రజ్ఞులూ అధికారులూ ఆ ప్రతిపాదనను రఫీ మార్గ్ దాకా తీసుకెళ్లాలని విన్నపం.